నాలుగడుగుల పడవ

మా పెరటి వసారాలో ప్రస్తుతం నాలుగు పనులు నడుస్తున్నవి. నడుస్తున్నవి అనడం నా మర్యాద. ఆగిపోయి ఉన్నవి అనడం మా ఇంటావిడ సత్యసంధత. మొదటిది కాలు విరిగిన టేకు కుర్చీ. జిగురు పెట్టి, తాడుతో బిగించి, గోడకు చేరవేసి వారం దాటింది. రెండవది మా తాతగారి నాటి తాళపత్ర ప్రతికి అట్టలుగా వేయవలసిన రెండు చెక్కలు. చిత్రిక పట్టడం అయింది, దారానికి రంధ్రాలు వేయడం కాలేదు. మూడవది ఎదురింటి అమ్మాయి వీణకు బిరడాలు. నాలుగవది, అన్నిటికన్న ఆలస్యంగా మొదలై అన్నిటినీ వెనుకకు నెట్టినది, మా మనుమడి కోసం చేస్తున్న చెక్క పడవ. పొడవు 22 అంగుళాలు. లోపల ఒక చిన్న మోటారు, బ్యాటరీ, చుక్కానిని తిప్పడానికి సర్వో అనే మరొక బుల్లి మోటారు, చేతిలోని రిమోటు పంపే ఆజ్ఞలను అందుకొనే అగ్గిపెట్టెంత పెట్టె. ఈ సామాను మనుమడు తెప్పించాడు. చెక్కపని నాది, తీగలపని వాడిది.

“ఒక్కటి పూర్తిచేసి రెండోది పట్టుకోకూడదుటండీ?” అని మొన్న మా ఆవిడ అడిగినప్పుడు నాకు కోపం రాలేదు. నవ్వు వచ్చింది. ఎందుకంటే 1898 నవంబరులో న్యూయార్కులో ఒక మహానుభావుణ్ణి దాదాపు ఇదే ప్రశ్న ఆయన స్నేహితుడే తన పత్రికలో అచ్చువేసి అడిగాడు. ఆ వేళకు ఆయన చేతిలో ఉన్నదీ పడవే. నాలుగడుగుల పడవ. మనిషి లేకుండా, తీగ లేకుండా, దూరాన ఉన్నవాడి ఆజ్ఞ మీద నడిచిన పడవ. దానిని చేసినవారు నికోలా టెస్లా. నా పడవకు లప్పం ఆరేలోపు దాని పూర్వికుని కథ చెప్పుకొందాం.

టెస్లా అంటే ఈనాటి పిల్లలకు ఒక కారు. మా తరానికి భౌతికశాస్త్ర పుస్తకంలో అయస్కాంతానికి సంబంధించిన ఒక కొలమానం. మనిషిగా ఆయన మనకు తెలిసినది తక్కువ. 1856లో, నేటి క్రొయేషియాలోని స్మిల్యాన్ అనే పల్లెలో, ఒక సెర్బు పురోహితుని ఇంట పుట్టారు. 1884లో అమెరికా చేరారు. ఏకాంతర విద్యుత్తుతో నడిచే మోటారు, బహుదశా విద్యుత్ పద్ధతి ఆయనకు కీర్తి తెచ్చినవి. ఇవి పాఠ్యపుస్తకాలలో ఉన్నవే కనుక వదిలేస్తున్నాను.

పాఠ్యపుస్తకాలలో లేనిది 1895 మార్చి 13 వేకువజాము. న్యూయార్కు సౌత్ ఫిఫ్త్ అవెన్యూలో ఆయన ప్రయోగశాల ఉన్న భవనం తగులబడింది. యంత్రాలు, కాగితాలు, సంవత్సరాల తరబడి పోగుచేసుకొన్న నమూనాలు అన్నీ పోయినవి. బీమా లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో ఆ మనిషి మళ్ళీ మొదటి నుండి ప్రారంభించవలసి వచ్చింది. తూర్పు హూస్టన్ వీధిలో 46-48 నంబరు భవనంలో కొత్త ప్రయోగశాల పెట్టుకొన్నారు. మన పడవ పుట్టినిల్లు అదే.

ఆ ఇంట్లో అప్పుడు ఎన్ని పనులు సాగుతున్నవో చూడండి. 1896లో, రాంట్‌గెన్ కొత్తగా ప్రకటించిన ఎక్స్-కిరణాలతో ఛాయాచిత్రాలు తీస్తున్నారు. అదే సంవత్సరం నవంబరులో నయాగరా జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తు ఆయన పద్ధతి మీదనే బఫెలో నగరానికి చేరింది. 1897 సెప్టెంబరులో, తీగలు లేకుండా విద్యుచ్ఛక్తిని పంపే విధానానికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. మరొక బల్ల మీద తంతువు లేని దీపాలు. ఇంకొక బల్ల మీద అధిక పౌనఃపున్య ఆందోళకాలు. వాటిని చికిత్సకు ఎలా వాడవచ్చునో 1898 సెప్టెంబరులో బఫెలోలో వైద్యుల సభకు ఒక పత్రం సమర్పించారు. వీటి నడుమ, వీటి సందులలో, పడవ.

దూరం నుండి కదిలే యంత్రాల పని తాను 1893లోనే మొదలుపెట్టానని, 1896లో ఒక సంపూర్ణ యంత్రానికి రూపకల్పన చేశానని, అది 1897 చివరకు గాని ఒక కొలిక్కి రాలేదని 1919లో అచ్చయిన ఆత్మకథలో ఆయనే వ్రాసుకొన్నారు. అంటే నాలుగేళ్ళ పని. నా పడవకు నాలుగు నెలలే అయినవి. ఈ మాట ఇంట్లో చెప్పి చూశాను, లాభం లేకపోయింది.

ఆ పడవ చెక్కది కాదు, ఇనుప దేహం. లోపల బ్యాటరీలు, ప్రొపెల్లరును తిప్పే మోటారు, చుక్కానిని తిప్పే మోటారు, పైన నిలువుగా ఆకాశతంత్రి, చిన్న చిన్న దీపాలు. ఈ మేరకు నా పడవకూ దానికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా చెవిలో ఉన్నది. పడవకు చెవి ఏమిటంటారా? దూరం నుండి వచ్చిన తరంగాన్ని విని, లోపలి మోటారును లేపవలసిన అవయవం. ఈనాడు ఆ పని అరచేతిలో పదోవంతు కూడా లేని పలక చేస్తున్నది. 1898లో ట్రాన్సిస్టరు లేదు, రేడియో గొట్టం కూడా పుట్టలేదు. ఉన్నదల్లా లోహపు రజను.

1890లో ఫ్రాన్సులో బ్రాన్లీ అనే ఆచార్యుడు ఒక సంగతి గమనించాడు. గాజు గొట్టంలో వదులుగా పోసిన లోహపు రజను విద్యుత్తును సరిగా పోనీయదు. దగ్గరలో ఎక్కడైనా విద్యుత్ నిప్పురవ్వ ఎగిరితే, ఆ తరంగం సోకి రజను కణాలు ఒకదానినొకటి పట్టుకొంటవి, విద్యుత్తు పారుతుంది. తరువాత దీనికి కోహెరర్ అని పేరు వచ్చింది. అంటుకొనేది అని అర్థం. చిక్కు ఎక్కడంటే, ఒకసారి అంటుకొన్న రజను తనంతట తాను విడిపోదు. గొట్టాన్ని తట్టాలి. తట్టకపోతే మొదటి మాట విన్న చెవి రెండవ మాట వినదు. అందరూ గొట్టం పక్కన చిన్న సుత్తి పెట్టి తట్టించారు. టెస్లా తట్టించలేదు. ప్రతి తరంగం అందగానే గొట్టమే తలక్రిందులయ్యే ఏర్పాటు చేశారు, ఇసుక గడియారాన్ని తిరగవేసినట్లు. రజను జారి విడిపోతుంది, చెవి మళ్ళీ సిద్ధం. ఊగే పడవలో, మోటారు అదురులో, ఈ చెవి నమ్మకంగా పనిచేయాలి. చెక్కపని చేసేవాడిగా చెబుతున్నాను, ఆ పడవలో నాకు అన్నిటికన్న ముచ్చటైన భాగం ఇదే.

ఇక రెండవ చిక్కు. ఈ చెవికి తెలిసిన మాట ఒక్కటే. తరంగం వచ్చిందా, రాలేదా, అంతే. కుడికి అనీ, ఎడమకు అనీ, ఆగు అనీ వేరువేరు మాటలు దానికి చెప్పలేము. ఒకే అక్షరం ఉన్న భాషలో వాక్యం ఎలా వ్రాస్తారు? టెస్లా జపమాల తిప్పినట్లు వ్రాశారు. పడవ లోపల ఒక చక్రం. తరంగం అందిన ప్రతిసారీ అది ఒక మెట్టు తిరుగుతుంది. ఒక మెట్టులో చుక్కాని కుడికి, తరువాతి మెట్టులో అక్కడే నిలకడ, ఆ తరువాత ఎడమకు, మళ్ళీ నిలకడ. ఒడ్డున ఉన్నవాడి చేతిలో ఒక పెట్టె, దాని మీద ఒక పిడి. పిడి ఒక్కొక్క మొలకను దాటినప్పుడల్లా ఒక తరంగం వెళుతుంది. ఏ పూస దగ్గర ఉన్నామో నడిపేవాడు లెక్క తప్పకూడదు. తప్పితే కుడి అనుకొన్నది ఎడమ అవుతుంది. మా మనుమడి రిమోటులో రెండు పిడులను ఒకేసారి తిప్పవచ్చు; పడవ వేగమూ దిశా కలిపి వింటుంది. వాడికి టెస్లా పద్ధతి చెబితే, “అయితే తాతయ్యా, కుడి తర్వాత మళ్ళీ కుడి కావాలంటే మధ్యలో ఎడమ దాటాలా?” అన్నాడు. దాటాలి. చురుకుగా దాటిస్తే చుక్కాని కదిలే లోపే దాటిపోతుంది.

1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో నీటితొట్టె ఏర్పాటు చేసి ఈ పడవను చూపారని చరిత్రకారులు వ్రాస్తారు. అది ఈనాటి గార్డెన్ కాదు. 1890లో తెరిచి, 1920లలో పడగొట్టిన పాత భవనం. చూసినవారికి ఏమి తోచిందో ఊహించవచ్చు. అప్పటికి మార్కోనీ పేరు పత్రికలలో కొత్త. తీగ లేకుండా సందేశం పోతుందంటేనే నమ్మనివారికి తీగ లేకుండా పడవ తిరగడం ఎలా నమ్మశక్యమవుతుంది? మంత్రమన్నారు, మనోశక్తి అన్నారు, లోపల తరిఫీదు పొందిన కోతి ఉన్నదన్నవారూ ఉన్నారట. టెస్లా ఆ భ్రమను చెదరగొట్టలేదు సరిగదా, కాస్త ఎగదోశారు. ప్రేక్షకులను పడవను ప్రశ్నలు అడగమనేవారు. అరవై నాలుగుకు ఘనమూలమెంత అని ఎవరో అడిగితే పడవ దీపం నాలుగుసార్లు వెలిగిందని కథ. దీపాన్ని వెలిగించినది ఒడ్డున నిలుచున్న టెస్లాయే అని వేరే చెప్పనక్కరలేదు.

బడిలో ముప్ఫై ఏళ్ళు గడిపినవాడిని కనుక ఇక్కడ నాకు కొంచెం అభ్యంతరం ఉన్నది. కొత్త సంగతి చూపేటప్పుడు విస్మయం కలిగించడం మంచిదే. కానీ పాఠం చివర తెర ఎత్తి చూపాలి. తోలుబొమ్మలాటలో సూత్రధారి తెర వెనుక ఉన్నాడని పిల్లవాడికి కూడా తెలుసు, తెలిసీ ఆనందిస్తాడు. టెస్లా తెర వెనుక ఉండడానికి ఇష్టపడ్డారు. తరువాతి కాలంలో ఆయన మాటలను పండితులు తేలికగా తీసివేయడానికి ఈ ఇంద్రజాలపు అలవాటు కూడా కొంత కారణమని నా అభిప్రాయం.

పేరు గురించి ఒక మాట. తన యంత్రానికి ఆయన టెలాటోమేటన్ అని పేరు పెట్టారు. గ్రీకులో టెలె అంటే దూరం, ఆటోమేటన్ అంటే తనంతట తాను కదిలేది. దూరం నుండి కదిపించబడుతూ తనంతట తాను కదలడం! వ్యాకరణం చదివినవారికి ఇది వ్యాహతంగా కనబడుతుంది. టెస్లాకు కనబడలేదు, ఎందుకంటే మనిషి కూడా అంతే అని ఆయన నమ్మకం. బయటి ప్రేరణలు సోకితే స్పందించే యంత్రమే తానని ఆయన వ్రాసుకొన్నారు. గీత పద్దెనిమిదవ అధ్యాయంలోని యంత్రారూఢ శ్లోకం తెలిసినవారికి ఇది అంత వింతగా తోచదు. మన యంత్ర శబ్దం కూడా కట్టడి చేయడమనే అర్థం గల ధాతువు నుండి వచ్చినదే. యంత్రమూ నియంత్రణమూ తోబుట్టువులు. రోబో అనే మాట మటుకు అప్పటికి లేదు. అది 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంతో వచ్చింది.

ఇలా అన్నానని, చూశారా, అన్నీ మన గ్రంథాలలోనే ఉన్నవి అని ఎవరూ ఎగిరిపడకండి. పదకొండవ శతాబ్దపు భోజుని సమరాంగణ సూత్రధారలో యంత్రాల అధ్యాయం ఉన్నమాట నిజం. చెక్కబొమ్మలు ఆడడం, నీటి యంత్రాలు, ఎగిరే కొయ్యపక్షి అన్నీ ఉన్నవి. కానీ నిర్మాణవిధానం తెలియక కాదు, గోప్యత కోసమే చెప్పడం లేదని ఆ గ్రంథకర్త అక్కడే అంటాడు. ఆ గోప్యతే మన కొంప ముంచింది. పేటెంటు ధర్మం దీనికి తలక్రిందులు: నీ విద్య ఏమిటో, మరొకడు చేసుకోగలిగేటంత వివరంగా బొమ్మలతో సహా వ్రాసి అందరి ముందూ పెట్టు, బదులుగా పదిహేడేళ్ళు దాని మీద హక్కు నీది. టెస్లా 1898 జూలై 1న దరఖాస్తు పెట్టారు. నమ్మశక్యం కాక పేటెంటు కార్యాలయపు ప్రధాన పరీక్షకుడే న్యూయార్కు వచ్చి కళ్ళారా చూశాడట. నవంబరు 8న 613,809 నంబరు పేటెంటు వచ్చింది. అందుకే నూట ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా నావంటి తెలుగు పండితుడు ఆ పడవ లోపల ఏమున్నదో వ్రాయగలుగుతున్నాడు. భోజుని కొయ్యపక్షి గురించి వ్రాయలేడు.

అదే కాలంలో మనవాడొకడు తెర తీసి చూపిన సంగతి చెప్పకపోతే పాపం. 1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశ్ చంద్ర బోసు గోడల అవతలి నుండి, తీగ లేకుండా, గంట మోగించి, తుపాకీ మందు పేల్చి చూపారు. ఆయన ప్రయోగశాల ప్రెసిడెన్సీ కళాశాలలో స్నానాలగది పక్కన ఒక ఇరుకు గది. పరికరాలు చేసిపెట్టినది చదువురాని ఒక రేకుపనివాడు. పేటెంట్లంటే బోసుకు విముఖత, కానీ దాపరికం లేదు, తెలిసినదంతా ప్రకటించారు.

గంటా, తుపాకీ మందూ. దూరం నుండి ఒక పని చేయగలిగితే మనిషి మొదట చేసి చూపేది ఈ రెండే కాబోలు. పడవ విషయంలో గంట వెనుకబడింది, మందు ముందుకు వచ్చింది. కాలం అటువంటిది. 1898 ఫిబ్రవరి 15న హవానా రేవులో అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలి రెండువందల అరవై మందికి పైగా చనిపోయారు. ఏప్రిలులో స్పెయిన్‌తో యుద్ధం. జూన్ 3న హాబ్సన్ అనే యువ నౌకాదళాధికారి ఏడుగురు తోటివారితో శాంటియాగో రేవు ముఖద్వారంలో ఒక బొగ్గు ఓడను ముంచి దారి మూయాలని వెళ్ళి, శత్రువు గుళ్ళ మధ్య దానిని ముంచి, బందీ అయ్యాడు. ఆ హాబ్సన్ తరువాత టెస్లాకు ఆప్తమిత్రుడయ్యాడు. మనుషులు లేని ఓడనే పంపగలిగి ఉంటే ఎనిమిది మంది ప్రాణాలకు తెగించనక్కరలేదు. టెస్లా పడవ గురించి విన్నవారికందరికీ మొదట ఇదే తట్టింది.

టెస్లాకు కూడా. పేటెంటులో ఆయన ఉపయోగాల జాబితా ఇచ్చారు. ఉత్తరాలు, మూటలు, ఆహారం మోసుకుపోవడం, మనిషి పోలేని చోట్లను పరిశీలించడం, ప్రాణరక్షణ పడవలు, చివరకు తిమింగలాల వేట కూడా. ఆ తరువాత, వీటన్నిటికన్న గొప్ప ప్రయోజనం యుద్ధంలోనే అన్నారు. దీని విధ్వంసశక్తికి హద్దు లేదు కనుక, దీనిని చూసి భయపడి జాతులన్నీ శాశ్వతంగా శాంతిస్తాయని. చదివినప్పుడు నా గుండె కలుక్కుమన్నది. అది వ్యాపారి మాట కాదు, నిజంగా నమ్మిన మాట. ఆ ఆగస్టులోనే రష్యా చక్రవర్తి ఆయుధాల తగ్గింపుకు సమావేశం కావాలని లోకానికి పిలుపు ఇచ్చాడు. పేటెంటు వార్త తెలిసి మార్క్ ట్వేన్ నవంబరు 17న వియన్నా నుండి టెస్లాకు ఉత్తరం వ్రాశాడు: ఆ భయంకర యంత్రానికి ఆస్ట్రియా, ఇంగ్లండు పేటెంట్లు ఉన్నవా, ఉంటే అమ్మకానికి బేరం కుదర్చనా అని. హాస్యరచయితే కానీ ఆ ఉత్తరంలో హాస్యం లేదు. అందరికీ ఆ భయంకరత్వమే శాంతికి మార్గమని నమ్మకం. అమెరికా ప్రభుత్వం మాత్రం కొనలేదు. వాషింగ్టన్‌లో ఒక అధికారికి చెబితే పగలబడి నవ్వాడని టెస్లా వ్రాసుకొన్నారు.

నేను మొదట చెప్పిన పత్రిక సంగతి ఇప్పుడు వచ్చింది. కమర్‌ఫర్డ్ మార్టిన్ అనే సంపాదకుడు టెస్లాకు స్నేహితుడు. ఆయన పరిశోధనలన్నిటినీ కూర్చి 1894లో ఒక గ్రంథంగా వేసినవాడు. ఆయనే తన ఎలక్ట్రికల్ ఇంజనీర్ పత్రికలో ఆ నవంబరులో పడవను గురించిన ప్రగల్భాలను వేళాకోళం చేసి, ఈయన వెనుక అందమైనవే గాని ముగింపు చూడని ఆవిష్కరణల బారు పొడుగవుతున్నది, ముందు అవి పూర్తిచేస్తే బాగుండును అన్న ధోరణిలో వ్రాశాడు. స్నేహం దెబ్బతిన్నది. ఒక మనిషి జీవితంలో అగ్నిప్రమాదం కన్న ఇటువంటి మాట తక్కువ నష్టమని నేననుకోను.

మార్టిన్ మాట అబద్ధమా అంటే, కాదు. 1899లో ఆస్టర్ అనే ధనికుడు దీపాల పని సాగుతుందన్న ఆశతో డబ్బు పెడితే, టెస్లా ఆ డబ్బుతో కొలరాడో స్ప్రింగ్స్ వెళ్ళి కృత్రిమ మెరుపులు సృష్టించారు. దారిలో ఆ మే నెలలో షికాగోలో ఒక వర్తక సంఘానికి పడవను చూపారు. అంతే, పడవ మళ్ళీ బల్ల కిందికి. తరువాత లాంగ్ ఐలండ్‌లో మహాగోపురం మొదలుపెట్టారు. అదీ పూర్తికాలేదు, 1917లో కూలగొట్టారు. ఇవన్నీ నిజమే. కానీ నా వసారాలో నిలబడి చూస్తే మార్టిన్‌కు కనబడనిది ఒకటి నాకు కనబడుతున్నది. పడవలో ఉన్న ఏ ముక్కా పడవ కోసం పుట్టలేదు. రజను గొట్టం తీగలేని వార్తల బల్ల మీది నుండి వచ్చింది. తరంగాలను పుట్టించే ఆందోళకం దీపాల బల్ల మీది నుండి వచ్చింది. ఒక్క పనే పట్టుకొని కూర్చొన్నవాడికి ఈ రెండు బల్లల మధ్య నడిచే అవసరమే రాదు. నా పడవ ముక్కు చెక్క కూడా వీణ బిరడాల కోసం తెచ్చిన దుంగలో మిగిలినదే. పోలిక పెద్దదే, ఒప్పుకొంటాను.

పడవ పూర్తి అయిందా కాలేదా అన్నదీ ఆలోచించవలసినదే. ఒకే తరంగం వినే చెవిని శత్రువు కూడా మోసం చేయగలడు. తన తరంగం పంపి పడవను తిప్పివేయగలడు. దీనికి విరుగుడుగా రెండు వేరువేరు పౌనఃపున్యాలు కలిసి వస్తేనే పలికే చెవిని టెస్లా ఆలోచించారు. రెండు తాళంచెవులు పడితేనే తెరుచుకొనే పెట్టె వంటిది. దానికి 1903లో పేటెంట్లు వచ్చినవి. ఇదీ ఉండాలి, అదీ ఉండాలి అనే ఆ తర్కం తరువాత కంప్యూటర్లకు ప్రాణమైంది. అసంపూర్తి అని వెక్కిరింపబడిన పడవ నుండి వచ్చినదే ఇదీ.

హక్కు గడువు మాత్రం ఆగలేదు. పదిహేడేళ్ళు 1915 నవంబరుతో ముగిసినవి. అప్పటికే ఇతరులు ఈ దారిలో చాలా దూరం వచ్చారు. నాకు ప్రత్యేకంగా ఇష్టుడు స్పెయిన్ దేశపు టోరెస్ కెవెడో. గాలి ఓడలను పరీక్షించేటప్పుడు మనుషులు చచ్చిపోకూడదని దూరనియంత్రణ మొదలుపెట్టినవాడు. 1906 సెప్టెంబరు 25న బిల్బావో రేవులో రాజుగారి సమక్షాన మనుషులున్న పడవనే ఒడ్డు నుండి నడిపి చూపాడు. ఆయన బల్ల మీద ఏమేమి ఉన్నవంటారు? గాలి ఓడలు, చదరంగం ఆడే యంత్రం, తాడు మీద నడిచే బండ్లు. నయాగరా సుడిగుండం మీద 1916 నుండి నడుస్తున్న తాడుబండి ఆయనదే. ఆయన ఇంటావిడ ఏమనేదో!

పడవలు మటుకు టెస్లా కోరిన శాంతి తేలేదు. 1917 అక్టోబరు 28న బెల్జియం తీరంలో బ్రిటిషు నౌక ఎరెబస్‌ను జర్మనులు మందుగుండు నింపిన మనిషి లేని పడవతో కొట్టారు. అది తీగతో నడిచినది. సరిగా నూట అయిదేళ్ళ ఒక రోజుకు, 2022 అక్టోబరు 29న, నల్లసముద్రంలో సెవస్తోపోల్ రేవు మీదికి మనిషి లేని పడవలు మందలుగా వచ్చినవి. ఈ రెంటి నడుమ 1951లో కల్నల్ టాప్లిన్ అనే ఆంగ్లేయుడు రేడియో క్వీన్ అనే చెక్క పడవను ఇంగ్లీషు ఛానల్ దాటించాడు. ఎవరినీ కొట్టడానికి కాదు, దాటుతుందో లేదో చూడడానికి. మావంటి ఆటపడవలవారి వంశం అక్కడ నుండి లెక్కించుకోవాలి.

టెస్లా 1943 జనవరి 7న న్యూయార్కులో ఒక హోటలు గదిలో కన్నుమూశారు. ఆ పడవ నమూనాను ఆయన పేరిట బెల్‌గ్రేడ్‌లో ఉన్న సంగ్రహాలయంలో చూడవచ్చు.

నా పడవ గత ఆదివారం ఊరి చెరువులో మొదటిసారి నీళ్ళు చూసింది. ప్రొపెల్లరు కడ్డీ దూరిన గొట్టంలో గ్రీసు సరిగా పట్టించనందువల్ల కొంచెం నీరు ఊరింది. అది నా తప్పు. కుడి నొక్కితే ఎడమకు తిరిగింది. నేను చుక్కాని విప్పి తిరగేసి బిగించాలని స్క్రూడ్రైవరు తీసేలోపు మనుమడు రిమోటు మీద ఏదో చిన్న మీట మార్చాడు. పడవ బుద్ధిగా కుడికి తిరిగింది. చెరువు మధ్య దాకా వెళ్ళి, వంపు తీసుకొని, మళ్ళీ మా కాళ్ళ దగ్గరకు వచ్చింది. పక్కన బట్టలు ఉతుకుతున్నవారు చేతులు ఆపి చూశారు. లోపల కోతి ఉన్నదని ఎవరూ అనలేదు.

పడవను ఎత్తి నీళ్ళు వంపుతుంటే మనుమడు, “తాతయ్యా, ఈసారి ముందర లక్ష్మీ బాంబు కట్టి పంపుదామా? అవతల ఒడ్డున రాయి ఉంది, దాన్ని కొట్టిద్దాం” అన్నాడు. తొమ్మిదేళ్ళవాడు. పేటెంటులోని జాబితా వాడికి నేను చెప్పలేదు, ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. బాంబు వద్దు, ఉత్తరం పంపుదామన్నాను. నాయనమ్మ అవతల ఒడ్డున కూర్చొంటుంది, చీటీ వ్రాసి ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపు, ఆవిడ జవాబుగా జంతికలు పెట్టి పంపుతుంది అన్నాను. జంతికల దగ్గర కొంచెం మెత్తబడ్డాడు. కానీ బాంబు మాట పూర్తిగా వదలలేదు. పడవ ముక్కు మీద ఒక చిన్న బద్ద ఎందుకు బిగించావురా అని నిన్న అడిగితే, ఊరికే అన్నాడు.

దీపావళికి ఇంకా ఇరవై రోజులున్నవి. ఈలోపు వీణ బిరడాలు ముగించాలి.